వైఫై ఫుల్, సైట్ మాత్రం ఓపెన్ కాదు! ఎందుకు?

మొన్న మా చెల్లి ఎగ్జామ్ అప్లికేషన్‌కి ఆఖరి రోజు. రాత్రి 11 దాటింది. ఫొటో, సంతకం, యూపీఐ అన్నీ తన ఫోన్లోనే ఉన్నాయి. వైఫై ఫుల్‌గా ఉంది, కానీ ఒక్క సైటూ ఓపెన్ కావట్లేదు. "అన్నయ్యా, నెట్ పోయింది" అని ఒకటే కంగారు.

రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. లాభం లేదు. అదే వైఫైలో నా ఫోన్ బాగానే పనిచేస్తోంది. అంటే రౌటర్ తప్పు కాదు. తన ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా పెట్టాం. మళ్ళీ అదే గొడవ! రెండు నెట్‌లూ ఒకేసారి పోవు కదా. అప్పుడు వెలిగింది నాకు.

చూడండి, మనం సైట్ పేరు కొడతాం. ఫోన్‌కి కావాల్సింది ఐపీ అడ్రస్ అనే నంబర్. పేరు చెబితే ఆ నంబర్ చెప్పేదే డీఎన్ఎస్. అది పలక్కపోతే నెట్ ఉన్నా దారి తెలీదు.

ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంది. అక్కడ ఏదైనా సర్వర్ పేరు రాస్తే ఫోన్ దాన్నే అడుగుతుంది. ఆ సర్వర్ పలక్కపోయినా ఇంకోదాన్ని అడగదు. యాడ్స్ రాకుండా అని అక్కడ ఒక పేరు పెట్టింది ఎవరనుకున్నారు? నేనే!

దాన్ని ఆటోమేటిక్‌కి మార్చాను, సైట్ వచ్చేసింది. 11:40కి ఫీజు కట్టేసింది, తర్వాత నన్ను తిట్టింది.

మీకూ ఇలా అయితే వరసగా చూడండి: ఇంకో ఫోన్, మొబైల్ డేటా, ఆ తర్వాత ప్రైవేట్ డీఎన్ఎస్. ఆప్షన్ దొరక్కపోతే సెట్టింగ్స్‌లో సెర్చ్ చేయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను!