మన పిల్లలకు ఏ శిక్షణ మంచిది?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మాధ్యమ పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పేవాళ్లం. డాక్టర్లం కాము. అయినా ఈ విషయం మాట్లాడడానికి ఒక కారణం వున్నది. అది మా తప్పే.

కొన్నేళ్ల క్రితం ఒకటో తరగతిలో ఒక అబ్బాయి చేరాడు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. సుద్దముక్కలు వరుసగా పేర్చుకుంటూ కూర్చునేవాడు. పొగరనుకొని బెంచీ ఎక్కించి నిలబెట్టాము. వాళ్ల అమ్మీ వచ్చి, "మాస్టర్ సాబ్, వాడికి చెవుడు లేదు, మైకు మోగితే చెవులు మూసుకుంటాడు" అని ఏడ్చింది. అది ఆటిజం అని తరువాత తెలిసింది. ఈ పేరు కొత్తదేమీ కాదు. 1943లోనే లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో ఇటువంటి పదకొండుమంది పిల్లల గురించి రాశాడు. తల్లి పెంపకం లోపం వల్ల ఇది వస్తుందన్న మాట అబద్ధమని తేలిపోయింది. టీకాల వల్ల వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కు తీసుకున్నది.

ఆ తండ్రి, భార్య గాజులు కుదువబెట్టి ఒక శిక్షణ కేంద్రానికి ముందుగానే డబ్బు కట్టాడు. "ఆరు నెలల్లో మాట వస్తుంది, గ్యారంటీ" అన్నారట. తల్లిని లోపలికి రానివ్వలేదు. పైగా ఇంట్లో ఉర్దూ మానేసి ఇంగ్లీషే మాట్లాడమన్నారు. ఆ తల్లికి ఇంగ్లీషు రాదు. నానమ్మకు అసలే రాదు. దానితో ఇంట్లో వాడితో మాట్లాడే మనిషే లేకుండా పోయారు! రెండు భాషలు వినడం వల్ల ఇటువంటి పిల్లలకు నష్టం లేదని పరిశోధనలు చెబుతున్నవి. తల్లి భాష మాన్పించేవారి మాట వినవద్దు.

మరి ఎట్లా ఎన్నుకోవాలి? మొదట వినికిడి పరీక్ష, తరువాత నిపుణుల పరీక్ష చేయించండి. మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ వున్నది. తరువాత దాని పేరు మారింది గాని చోటు అదే. సైదాబాద్ నుండి ఊరికి ఆ చివర, నిజమే. అయినా ఒకసారి పోయి రండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా వున్నది. 40 శాతం, అంతకు మించి వైకల్యం వున్నట్టు ధృవపత్రం వస్తే 6 నుండి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు.

ఆ తరువాత కేంద్రానికి పోయినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. నేర్పేవారికి భారత పునరావాస మండలి నమోదు వున్నదా? మూడు నెలల్లో మావాడికి ఏమి నేర్పదలిచారు? తల్లి పక్కన కూర్చోవచ్చునా? ఇంటి దగ్గర మేము ఏమి చేయాలి? కొడతారా, తిండి ఆపుతారా? "పూర్తిగా నయం చేస్తాం" అన్నచోట నుండి లేచి రండి. మూలకణాల ఇంజెక్షన్ల పేరుతో లక్షలు అడిగేవారున్నారు. ఆటిజానికి ఆ చికిత్స తగదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. దువా చేయండి, తప్పులేదు. కాని శిక్షణ ఆపవద్దు.

మాట నేర్పేవారు, చేతిపనులు నేర్పేవారు, ప్రవర్తన దిద్దేవారు వేరువేరుగా వుంటారు. అన్నీ ఒకేసారి కొనలేము. పిల్లవానికి ఇవాళ ఏది ఎక్కువ అవసరమో దానితో మొదలుపెట్టాలి. అన్నం తినడం, దొడ్డికి చెప్పడం, దాహమైతే అడగడం - ఇవే మొదటి చదువు. వారంలో కేంద్రంలో గడిపేది కొద్ది గంటలు, మిగిలినదంతా ఇల్లే కదా!

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాము. మరొక చోట తల్లిని పక్కన కూర్చోబెట్టుకొని బొమ్మల కార్డులతో నేర్పారు. ఏడాదికి నీళ్ల గ్లాసు బొమ్మ తెచ్చి నానమ్మ చేతిలో పెట్టి "పానీ" అన్నాడు. ఇప్పటికీ ఎక్కువ మాట్లాడడు. అయినా ఆ ఒక్క మాటకు ఆ ఇల్లంతా పండుగ చేసుకున్నది.

ఇటువంటి బిడ్డను పెళ్లిళ్లకు తీసుకురాకుండా దాచే కుటుంబాలు మన బస్తీలో వున్నవి. వారి తలుపు తట్టండి. మొదటిసారి మనోవికాస్ నగర్ పోయేటప్పుడు తోడు కావాలంటే, ఆదివారం ఏదైనా సరే, మాతో చెప్పండి. కూర్చొని దారి, కాగితాలు అన్నీ సిద్ధం చేసిపెడతాము. బెంచీ ఎక్కించిన చేతులతో మేము చేయగలిగింది ఇదే.