ఎవరి ఊపిరితో ఎవరిని కొలవాలి

స్పైరోమీటర్ ఊపిరితిత్తుల సత్తాను రెండు అంకెల్లో చెబుతుంది. గుండెల నిండా గాలి పీల్చుకుని బలంగా ఊదితే మొత్తం ఎన్ని లీటర్లు బయటికి వచ్చిందన్నది మొదటిది. అందులో తొలి సెకనులోనే ఎంత వచ్చిందన్నది రెండోది. తొలి సెకను వాటా 70 శాతం కంటే తగ్గితే శ్వాసనాళాలు ఇరుకయ్యాయని అర్థం. సీఓపీడీ అనే దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బు నిర్ధారణకు ఇదే ఆధారం. రెండు అంకెలూ కలిసి తగ్గినప్పుడే చిక్కు వస్తుంది. ఊపిరితిత్తులు పుట్టుకతోనే చిన్నవి కావచ్చు, ఛాతీ గూడు ఇరుకు కావచ్చు, నయమైన క్షయ మచ్చలు మిగిల్చి ఉండవచ్చు. దక్షిణాసియా వాసుల్లో కనిపించేది ఎక్కువగా ఈ రెండో తరహా తగ్గుదలే. అదే వయసు, అదే ఎత్తు ఉన్న ఐరోపా సంతతివారికంటే వీరు ఊదే గాలి తక్కువ. రెండంకెల నిష్పత్తి మాత్రం ఇంచుమించు ఒక్కటే. ఈ తేడాలో జన్యువుల పాలెంత, బతుకు పాలెంత అన్నది శాస్త్రం ఇంకా తేల్చవలసిన విషయం.

కొలమానానికీ ఒక చరిత్ర ఉంది. 1846లో ఇంగ్లండు వైద్యుడు జాన్ హచిన్సన్ 2,130 మందిని పరీక్షించి, మనిషి ఎత్తుతోపాటు ఊదే గాలీ క్రమంగా పెరుగుతుందని చూపించాడు. 1869లో అమెరికాలో బెంజమిన్ గూల్డ్ అంతర్యుద్ధ సైనికుల కొలతలు అచ్చువేస్తూ నల్లజాతి సైనికుల అంకెలు తెల్లవారికంటే తక్కువని చూపాడు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడినవారి తిండి, చాకిరి, జబ్బులు ఆ లెక్కలోకి రాలేదు. ఆ పోలికలోంచే 'జాతి సవరణ' పుట్టింది. భారతీయులకు ఐరోపా అంకెలో పది శాతం కోసి, మిగిలినదాన్నే మామూలుగా భావించే అలవాటు మన ఆసుపత్రుల్లోనూ చాలాకాలం సాగింది. 2012లో 74 వేల మందికి పైగా ఆరోగ్యవంతుల కొలతలతో అంతర్జాతీయ సమీకరణాలు వచ్చాయి కాని, వాటిలో భారత ఉపఖండానికి ప్రత్యేక సమీకరణం లేదు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతుల వారీ సమీకరణాలను పక్కన పెట్టి, అందరికీ ఒకే సగటు కొలమానం వాడాలని సూచించింది.

అంతమాత్రాన చిక్కు తీరలేదు. ఆశించే అంకెను తగ్గిస్తే రోగి ఆరోగ్యవంతుడిగా లెక్కకు వచ్చి చికిత్స ఆలస్యమవుతుంది. తగ్గించకపోతే ఆరోగ్యవంతుడు రోగిగా ముద్రపడి కొలువుకు పనికిరాడనిపించుకుంటాడు. ఏ నష్టమూ చిన్నది కాదు.

జన్యువుల పాత్ర నిజమైనదే. కుటుంబాల మీద, కవలల మీద జరిగిన పరిశోధనలు మనిషికీ మనిషికీ మధ్య శ్వాస సామర్థ్యంలో ఉండే తేడాలో దాదాపు సగం వారసత్వంగా వచ్చేదని చూపాయి. 2009 నుంచి జన్యుపటలం మొత్తాన్ని గాలించే పద్ధతితో ఒక్కొక్క స్థానమూ బయటపడుతూ వచ్చింది. నాలుగో క్రోమోజోము మీది హెచ్‌హెచ్‌ఐపీ మొదట దొరికినవాటిలో ఒకటి. తల్లి కడుపులో శ్వాసనాళాలు కొమ్మలు వేసే వేళ పనిచేసే సంకేతాలను ఇది అదుపు చేస్తుంది. నలభయ్యో ఏట వచ్చే ఆయాసానికి బీజం పుట్టకముందే పడి ఉండవచ్చునన్న మాట. 2023లో లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో వెలువడిన విశ్లేషణ ఇంతవరకు వచ్చినవాటిలో చాలా పెద్దది: 5,80,869 మంది, 1,020 జన్యు సంకేతాలు, వాటితో ముడిపడిన 559 జన్యువులు. భిన్న వంశమూలాల వారిని కలపడం వల్ల ఏ సంకేతం ఏ జన్యువుదో మరింత కచ్చితంగా తేలింది. ఒక జనంలో ఎప్పుడూ కలిసే నడిచే జన్యుభేదాలు మరో జనంలో విడిపోయి ఉంటాయి. అసలు కారకం ఏదో అక్కడ బయటపడుతుంది. వైవిధ్యం శాస్త్రానికి పనికొచ్చేది ఇక్కడే.

అయితే ఆ 5,80,869 మందిలో ఐరోపా మూలాల వారు 4,68,062. తూర్పు ఆసియా వారు 85,279. దక్షిణాసియా వారు 4,270 మంది, నూటికి ఒక్కరు కూడా కాదు. ప్రపంచ జనాభాలో నాలుగో వంతు నివసించే నేలకు దక్కిన చోటు ఇది. ఐరోపా సమాచారంతో కట్టిన జన్యు అంచనాలు ఇతర జనాల్లో బలహీనపడతాయని తెలిసి కూడా ఈ కొరతను ఇన్నాళ్లు సహించడం బాధాకరం.

పైగా దక్షిణాసియా అంటే ఒక్క జనం కాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన, ఈ దేశంలోని సమూహాలు చాలావరకు రెండు ప్రాచీన జనాల కలయికేననీ, తర్వాతి కాలపు లోపలి పెళ్లిళ్లు వాటిని విడివిడి పాయలుగా నిలిపాయనీ చూపింది. తెలుగునాట దీనికి స్పష్టమైన ఉదాహరణ వైశ్యులు. సుమారు వంద తరాలుగా బయటి సంబంధాలు దాదాపు లేనందువల్ల, బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వీరిలో ఇతరులకంటే ఎన్నోరెట్లు ఎక్కువ. మామూలు రోజుల్లో ఆ లోపం కనబడదు. ఆపరేషన్ ముందు కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడు కొద్ది నిమిషాల్లో తిరిగి రావలసిన ఊపిరి గంటల తరబడి రాదు. అంతసేపూ యంత్రంతో శ్వాస అందించాలి. మత్తు వైద్యుడికి ముందే తెలిస్తే వేరే మందు వాడతాడు. జన్యు సమాచారం నేరుగా ప్రాణం కాపాడే సందర్భం ఇది. శ్వాస సామర్థ్యం ఇలా ఒక్క జన్యువుతో తేలేది కాదు. వందల జన్యువులు తలా కాస్త తోడై నడిపేది.

ఈ ప్రశ్నలే చెంచు గిరిజనుల విషయంలోనూ ఎదురవుతాయి. నల్లమల అడవుల్లోని అమ్రాబాద్ పీఠభూమి వారి నేల. 1940లో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ అక్కడి పెంటల్లో (చెంచు గూడేల్లో) ఉండి చేసిన పరిశీలనలు 1943లో పుస్తకంగా వచ్చాయి. దుంపలు, తేనె, వేటలతో సాగే బతుకును ఆయన వివరంగా నమోదు చేశాడు. 2003లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం చెంచుల, కోయల వంశరేఖలను పరిశీలించి, అవి కులాల వంశరేఖలకు పరాయివి కావనీ, చాలా భాగం ఒకే ప్రాచీన వారసత్వమనీ తేల్చింది. అడవిలో ఉన్నారు కనుక వేరే జాతి, వేరే ఊపిరి అనే ఊహకు ఆధారం లేదు. పీఠభూమి ఎత్తు కూడా కారణం కాలేదు. ఆండీస్ కొండవాసుల్లో ఛాతీ పెద్దదవడమూ, టిబెటన్లలో ఈపీఏఎస్1 జన్యుభేదం నిలవడమూ మూడు నాలుగు వేల మీటర్ల ఎత్తున జరిగినవి; అమ్రాబాద్ పీఠభూమి వెయ్యి మీటర్లు కూడా దాటదు.

బతుకు వైపు చూస్తే కారణాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. గుడిసెలో కట్టెల పొయ్యి పొగ, పొగతాగడం, క్షయ, తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే తిండి కొరత. తిండి ప్రభావం ఎంతటిదో హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాలు చూపాయి. 1987-90 మధ్య వాటిలో కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. పదిహేనేళ్ల తర్వాత కొలిస్తే ఆ ఊళ్ల పిల్లలు మిగతావారికంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నారు. హచిన్సన్ నాటి నుంచి ఊపిరికి మొదటి కొలబద్ద ఎత్తే. ఒకే ప్రాంతపు ఊళ్ల మధ్య ఒక పూట ఆహారం తెచ్చిన తేడా అది.

కాబట్టి చెంచుల శ్వాసను కొలిచేవారు నిలబడిన ఎత్తుతోపాటు కూర్చున్న ఎత్తునూ కొలవాలి. మొండెం, కాళ్ల నిష్పత్తి జనానికీ జనానికీ మారుతుంది, ఊపిరితిత్తులు ఉండేది మొండెంలో. పొయ్యి ఎక్కడుంది, క్షయ వచ్చిందా, పుట్టినప్పటి బరువెంత అన్నవి రక్త నమూనాతోపాటే నమోదు కావాలి. ఇవేవీ లేకుండా మిగిలిన తేడానంతా వంశమూలం ఖాతాలో రాస్తే గూల్డ్ చేసినదే మళ్లీ చేసినట్టు. సుమారు పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలతో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు సమాచారం సిద్ధమైంది. దాని పక్కన ఇలాంటి శరీర కొలతలు, జీవన వివరాలు చేరితేనే ఊపిరి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

నమూనా ఇచ్చేవారి హక్కు మరో సంగతి. అమెరికాలో హవసుపాయ్ తెగవారు మధుమేహ పరిశోధనకని ఇచ్చిన రక్తాన్ని తమకు చెప్పకుండా ఇతర అధ్యయనాలకు వాడారని కోర్టుకెక్కారు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పాలక మండలి పరిహారం చెల్లించి, మిగిలిన నమూనాలు వాపసు ఇచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం గిరిజనులపై పరిశోధన వారికే మేలు చేసేదై ఉండాలి. ఆ ప్రాంతంలో అడుగుపెట్టే ముందు గిరిజన సంక్షేమ కమిషనరు లేదా కలెక్టరు అనుమతి, తర్వాత పెద్దలతో సంప్రదింపు, వారి భాష తెలిసినవారి ద్వారా, సాక్షుల ఎదుట ప్రతి ఒక్కరి సమ్మతి తీసుకోవాలి. ఊదించిన ప్రతి మనిషికీ తన అంకెల అర్థం చెప్పడం, జబ్బు కనిపిస్తే దగ్గరి మన్ననూరు, అచ్చంపేట దాకా చికిత్సకు చేర్చడం కూడా ఆ పరిశోధన ఖర్చులోనే ముందుగా రాసి పెట్టుకోవలసినవి.