మొండి గాడిద, ముక్కోపి గుర్రం

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళల్లో పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా గాడిద పేరు ఎన్నిసార్లు వినిపిస్తుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? చదువు రాని పిల్లాడు గాడిద. పని చెబితే పలకనివాడు అడ్డగాడిద. నమ్మలేని మాట ఎవరైనా అంటే గాడిదగుడ్డు. అవసరం వస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని సామెత కూడా చెప్పుకుంటాం. ఇంతగా మన నోళ్ళలో నానే ఈ జంతువు వీపుమీద చెయ్యివేసి ఒక్కసారైనా నిమిరినవాళ్ళు మనలో ఎందరుంటారంటారు? ఆ భాగ్యం నాకు చిన్నతనంలోనే దక్కింది. నవ్వకండి. భాగ్యమని తెలిసే అంటున్నాను.

మాది భీమునిపట్నం. గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసే ఊరు. 1980 దశకం చివర, నేను ఆరేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, మా వీధికి బట్టలుతికే తాతకు మూడు గాడిదలుండేవి. రేవునుంచి తెచ్చిన మూటలన్నీ ఇళ్ళకు చేర్చేశాక, చల్లబడే వేళకు వాటిని సముద్రపొడ్డుకి తోలుకొచ్చి వదిలేవాడు. మా పిల్లమూక అంతా అక్కడ సిద్ధం. సవారీకి రుసుము ఒక బెల్లంముక్క. అది తాతకు కాదు, గాడిదకి. తాత వాటా కింద మా నాయనమ్మ అప్పుడప్పుడు చల్లమిరపకాయలో, ఆవకాయబద్దలో పంపించేది.

జీనూ లేదు, కళ్ళెమూ లేదు. తాత రెక్కపట్టి ఎక్కించేవాడు, మెడమీద కుచ్చుజుట్టు గుప్పిట పట్టుకుని కూర్చోవడమే. గాడిద వెన్నుమీద నిలువునా ఒక నల్లచార, భుజాలమీద అడ్డంగా మరో చార ఉంటాయి. ఆ రెండూ కలిసేచోటికి వెనగ్గా కూర్చోమనేవాడు తాత. నడుస్తుంటే ఉప్పుగాలి, కాళ్ళకింద ఇసక కరకర, పక్కన అలల హోరు. ఏనుగు అంబారీ ఎక్కినవాళ్ళకు కూడా ఆ దర్జా ఉండదనుకునేదాన్ని.

మూడింటిలో ముత్యాలు అనేది సాధువు. ఎవర్ని ఎక్కించినా తల వంచుకుని పోయేది. రెండోది దాని పిల్ల, గంతులే తప్ప సవారీ లేదు. మూడోదానికి మేము పెట్టుకున్న పేరు దొరసాని. బుద్ధిపుడితే నడుస్తుంది, లేకపోతే లేదు. నడుస్తూ నడుస్తూ దబ్బున ఆగిపోతుంది. చెవులు రెండూ ముందుకు పెట్టి నిలబడిందంటే అదిలించినా కదలదు, బతిమాలినా కదలదు. వెనకనుంచి తోసినవాణ్ణి తన్నిన సందర్భాలూ లేకపోలేదు.

ఒకనాడు మా పెద్దన్నయ్య దానిమీద కూర్చుని ఏటిమొగ వైపు పోనిచ్చాడు. నీళ్ళు ఇంకా పాతికడుగుల దూరంలో ఉన్నాయనగా దొరసాని ఆగిపోయింది. పిల్లలందరూ చుట్టూచేరి "మొండిగాడిద, మొండిగాడిద" అని ఒకటే గోల. ఒకడు ఈతబరికె కూడా తెచ్చాడు. తాత పరుగున వచ్చి ఆ బరికె లాక్కున్నాడు. తన చేతికర్రను గాడిద ముందున్న ఇసకలో గుచ్చాడు. మోచేతి పొడుగు కర్ర సుతారంగా లోపలికి దిగిపోయింది. పైకి చూస్తే గట్టినేలే, కింద అంతా నీటి ఊబి.

"అది మొండికెయ్యలేదర్రా, సూసుకుంటన్నాది. మీకంటే దానికి కాళ్ళెక్కువ, గ్యానమూ ఎక్కువే" అన్నాడు తాత.

ఆ మాటలో ఎంత శాస్త్రముందో పెద్దయ్యాక పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. గుర్రానికి పూర్వీకులు పచ్చికమైదానాల్లో మందలుగా తిరిగిన జంతువులు. ప్రమాదం అనిపిస్తే పరుగే దాని మందు. గాడిద పుట్టిల్లు ఆఫ్రికా ఈశాన్యంలోని ఎడారులు, రాతిగుట్టలు. అక్కడ మేత తక్కువ, పెద్దమంద బతకదు. ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురుగానో తిరగాలి. రాళ్ళలో కళ్ళు మూసుకుని పరుగెడితే కాలు విరుగుతుంది. అంచేత గాడిద ముందు ఆగుతుంది, చూస్తుంది, వాసన పడుతుంది, అప్పుడు గాని అడుగు వెయ్యదు. మనిషి దాన్ని మచ్చిక చేసుకుని సుమారు 7 వేల ఏళ్ళయినా ఆ బుద్ధి పోలేదు. దానికి మనం పెట్టిన పేరు మొండితనం. అదే పని మనింట్లో కోడలు చేస్తే ముందుచూపు అంటాం. అంటామో, మొండితనమే అంటామో, అది మీకే వదిలేస్తున్నాను.

గాడిద సంగతి ఇంకొకటి చెప్పాలి. అది జతను వదిలి ఉండలేదు. ఏదో అవసరానికి తాత ముత్యాలును అమ్మేశాడు. దొరసాని ఆ రాత్రంతా ఓండ్రపెట్టింది. మర్నాటినుంచి గడ్డి ముట్టలేదు. బెల్లం చూపించినా మొహం తిప్పుకుంది. కొన్నవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి తాత ముత్యాలును వెనక్కి తెచ్చుకున్నాకే అది మేతకు వచ్చింది. జత విడిపోయి గాడిద మేత మానేస్తే ఒంట్లో కొవ్వు రక్తంలోకి చేరి ప్రాణంమీదికి వస్తుందని పశువైద్యులు చెప్తారు. తాతకు ఆ జబ్బు పేరు తెలియదు. జంతువు మనసు తెలుసు.

ఇక ముక్కోపి గుర్రం కథ. విశాఖపట్నం బీచిలో పిల్లలను గుర్రాలెక్కించి తిప్పడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక సెలవుల్లో మా చిన్నమావయ్య మమ్మల్ని తీసుకెళ్ళాడు. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఉన్నవాటిలో అందమైనది ఒక గోధుమరంగు గుర్రం. మా తమ్ముడు దానిదగ్గరికి వెళ్ళగానే చెవులు వెనక్కి వాల్చి, పళ్ళు బయటపెట్టి కరవబోయింది. "పొగరు జాస్తి బాబూ, రెండు తగిలిస్తే దారికొస్తాది" అన్నాడు దాన్ని పట్టుకున్న మనిషి. మావయ్య ఏమీ మాట్లాడలేదు. పక్కనుంచి, భుజం దగ్గరగా వెళ్ళి, మెల్లిగా పలకరిస్తూ జీను కిందిగుడ్డ ఎత్తాడు. పట్టెడ ఒరుసుకుని అరచెయ్యంత పుండు. ఈగలు.

"పదిహేనురోజులు జీను వెయ్యకు, మందు నేనిస్తాను" అన్నాడు మావయ్య. ఆ మనిషి తల వంచుకున్నాడు. "ఆదివారం బేరం పోతే ఇంట్లో పిల్లలకేటి పెట్టమంటారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు మావయ్య దగ్గర జవాబు లేదు. మందు మాత్రం ఇచ్చాడు. మేము గుర్రం ఎక్కలేదు గాని, ఎక్కితే ఇవ్వవలసిన డబ్బు అతని చేతిలో పెట్టించాడు. గుర్రానికీ కష్టమే, మనిషికీ కష్టమే. ఒకరిని తిట్టేసి చేతులు దులుపుకోవడానికి లేదు. కష్టపడే జంతువుకు సెలవిస్తే దాని యజమాని పూట గడిచే ఏర్పాటు కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి.

ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. సముద్రపొడ్డున గాడిదసవారీ అంటే ఇంగ్లండు పెట్టింది పేరు. విక్టోరియా రాణి కాలంనుంచీ అక్కడ పిల్లలకు అదొక పండగ. మా పెద్దమ్మ మనవరాలు అక్కడ ఉద్యోగం. వాళ్ళ పాపను బ్లాక్‌పూల్ అనే ఊళ్ళో గాడిద ఎక్కించిన ఫోటో పంపింది. గాడిద మొహంపట్టీమీద దాని పేరు రాసి ఉంది. ఆ ఊరి గాడిదలకు 1942నుంచీ ఒక నిబంధనావళి ఉంది. పొద్దున్న 10 గంటలకు ముందు పని లేదు, సాయంత్రం 7 దాటితే పని లేదు. మధ్యాహ్నం గంటసేపు భోజన విరామం. శుక్రవారం సెలవు. ఈ మాట చెబితే మా వదిన, "నాకు ఏ వారం సెలవో ఆ గాడిదలనే అడిగి చెప్పు" అంది.

ఆ దేశంలోనే ఎలిజబెత్ స్వెండ్సన్ అని ఒకావిడ, హోటలు నడుపుకునే గృహిణి, 1969లో ఒక గాడిదను కొంది. దాని పేరు నాటీ ఫేస్, అంటే అల్లరి మొహం. ఆ అల్లరిమొహంతో మొదలై, ముసలి గాడిదలకూ, దెబ్బతిన్న గాడిదలకూ ఆశ్రమం పెట్టింది. 1974లో ఒక వృద్ధురాలు పోతూపోతూ తన 204 గాడిదలను ఈవిడకు వీలునామా రాసిపోయింది. బెదరక అన్నిటినీ చేరదీసింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను గాడిదలమీద తిప్పి వాళ్ళ మొహాల్లో నవ్వు పూయించింది. 2011లో కన్నుమూసింది.

మనమేం తక్కువ తినలేదు. నాట్యంలో పేరెన్నికగన్న రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభలో అడుగుపెట్టి, నోరులేని జీవాలకోసం బిల్లు తెచ్చారు. ఆ ప్రయత్నమే 1960లో జంతుహింస నివారణ చట్టం రావడానికి దారితీసింది. 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ మండలికి ఆవిడే తొలి అధ్యక్షురాలు. 1965 నిబంధనల ప్రకారం గాడిదమీద 50 కిలోలు, తట్టువుమీద 70 కిలోలు మించి బరువు వెయ్యకూడదు. రోజుకు 9 గంటలు మించి పని చేయించకూడదు. 5 గంటలు ఏకబిగిన చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలే కూడదు. బ్లాక్‌పూల్ గాడిదలకున్నన్ని హక్కులూ కాకపోయినా, మన గాడిదలకూ కాగితంమీద కొన్ని ఉన్నాయన్నమాట. కాగితంనుంచి ఇసకమీదికి దిగాలి, అంతే.

దిగేలోగా గాడిదలే మిగలవేమోనని బెంగ. 2012 పశుగణనలో మన దేశంలో సుమారు 3 లక్షల 20 వేల గాడిదలుంటే, 2019 గణనకు 1 లక్షా 20 వేలయ్యాయి. ఇంట్లో బట్టలుతికే మిషను, వీధిలో ఆటో వచ్చి వాటి పని పోయింది. గాడిదమాంసం తింటే బలమొస్తుందన్న మూఢనమ్మకంతో, చట్టం ఒప్పుకోకపోయినా కోసేవాళ్ళు మన రాష్ట్రంలోనూ ఉన్నారు.

మీరు పిల్లలను బీచికి తీసుకెళ్ళినప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఎక్కించేముందు జంతువు చెవులు చూడండి. వెనక్కి అతుక్కుపోయి ఉంటే అది భయమో, నొప్పో, కోపమో. జీను అంచులో, పట్టెడ కింద పుండుందేమో చూడండి, ఉంటే ఎక్కించకండి. ఎక్కకపోవడానికి కారణం ఆ మనిషికి మర్యాదగా చెప్పండి. నలుగురు చెబితే మందు వేయిస్తాడు. గుర్రానికి సరిగ్గా వెనకవైపు కనపడదు, అంచేత పిల్లల్ని తోకవైపునుంచి వెళ్ళనివ్వకండి. భుజం పక్కనుంచి, మాట్లాడుతూ వెళ్ళమనండి. ఒక్కదానిమీద ఇద్దరు పిల్లల్ని ఎక్కించి ఫోటో తీసే ముచ్చట మానుకోండి. ఎండవేళ అసలు వద్దు.

ఇదంతా గాడిదలకూ గుర్రాలకూ మాత్రమే కాదు. మా నాయనమ్మ ఆవు ఒకటి ఎవరు పాలకు కూర్చున్నా తన్నేది. దాని పొదుగు చలికి పగిలి మంటపెడుతోందని ఆవిడ కనిపెట్టి, వారంరోజులు వెన్న రాసింది. తన్నడం మానేసి చక్కగా చేపింది. ఆ వారం రోజుల్లోనూ దానికి "తన్నుబోతు" అన్న పేరు వీధంతా పాకింది. పుండు మానింది గాని ఆ పేరు చివరిదాకా పోలేదు.

మనుషులకు మాత్రం అలా అవడం లేదూ? బడికి వెళ్ళనని గుమ్మం పట్టుకున్న పిల్లను మొండిఘటం అంటాం. బడిలో ఎవరు ఏడిపిస్తున్నారో అడగం. నోరు చేసుకున్న ఇల్లాలిని గయ్యాళి అంటాం. ఆ నడుంనొప్పి ఎన్నాళ్ళదో అడగం. దారిలో ఎవరైనా ఆగిపోతే, బరికె వెతికేముందు వాళ్ళకి ఏం కనిపించిందో ఒక్కసారి మనమూ వంగి చూద్దాం. ఊబి ఉందేమో, పుండుందేమో. ఉంటే మందు వేద్దాం. ఏమీ లేకపోతే, కాసేపు ఆగినందువల్ల మన సొమ్మేం పోతుంది?