సున్న లోపలి ముక్క

 

గ్రాఫిక్ డిజైన్, అంటే అక్షరం, బొమ్మ, రంగు, ఖాళీ జాగాలను చదువరి కంటికి అనువుగా అమర్చే పని, చెడిందని గుర్తించడానికి అందవికారాన్ని వెతకనక్కరలేదు. చదవవలసినవారు చదవలేకపోతే అది చెడినట్టే. భిలాయిలోని హథ్‌ఖోజ్ వంటి పారిశ్రామిక వాడలో ఈ పరీక్షను కాగితం కన్నా ఇనుము కఠినంగా పెడుతుంది. అక్షరాల ఆకారంలో కోసిన రేకును, అంటే స్టెన్సిల్‌ను, ఇనుముపై ఆనించి రంగు పూసేటప్పుడు, గీత పూర్తిగా మూసుకున్నచోట లోపలి ముక్క ముందే ఊడిపోయి ఉంటుంది కనుక, సన్నని వంతెనలు వదలకపోతే తెలుగు సున్న నిండు చుక్కవుతుంది; నడుమ చుక్క ఒక్కటే తేడాగా గల ‘ర’, ‘ఠ’ ఒకే ముద్దగా మిగులుతాయి. 2010 జులై 15న కేంద్రం ఆమోదించిన, ఉదయకుమార్ రూపొందించిన రూపాయి గుర్తులో అలా మూసుకున్న గది ఒక్కటీ లేదు. రేకు మీదా రబ్బరు స్టాంపు మీదా అది నిలుస్తుంది. ఈ ప్రసంగకర్త తొలి ఉద్యోగంలో గీసిన ఒక లోగో తెరపై నాలుగు ఛాయలతో వెలిగి, స్టాంపులో మసి మరకగా మారినప్పుడు, కారణం విడమరచి చెప్పిన రంగుల మేస్త్రీయే అసలు గురువయ్యాడు.

అయితే అన్నిటికన్నా బాధించేది తెలుగు పంక్తుల ఇరుకు. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారం కొలిమి వెలిగిన తరువాత ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల శుభలేఖల్లో, ఇంగ్లీషుకు సరిపోయే ఎడమే తెలుగుకూ ఉంచడం వల్ల, పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగిలి రెండూ చెడతాయి. అక్షరాలను కలపడం తెలియని సాఫ్ట్‌వేర్‌లో ‘శ్రీ’ సైతం ముక్కలవుతుంది. ఎవరు చూస్తారులే అని సరిపెట్టుకునే డిజైన్ విద్యార్థులకు గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టవలసిందే, ఎందుకంటే నాయనమ్మ చూస్తుంది, కార్డును దూరంగా పట్టి, దగ్గరకు తెచ్చి, చివరకు మనవడి చేతికిచ్చి చదివించుకుంటుంది. అచ్చుకు పంపేముందు నమూనాను నలుపులో జిరాక్సు తీసి, బొటనవేలి గోరంతకు లోగోను కుదించి, తెలుగు చదవగల పెద్దవారొకరిచేత పైకి చదివించి, వారి వేలు ఏ పంక్తి దగ్గర ఆగిందో అక్కడ మళ్లీ పని మొదలుపెట్టాలి.