పక్షవాత పరిశోధనము – రోగి సమ్మతి

(పట్టణ పఠనమందిరమున న్యాయవాది యొకరు చేసిన ఉపన్యాస పాఠము)



వైద్యవిషయమును గూర్చి మాటాడుటకు న్యాయవాదికి అధికారమేమని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. నేను నాడి చూడనేరను, మందు వ్రాయనేరను. కాని వైద్యమున ఒక ఘట్టము కలదు. అచ్చట వైద్యుని చేతిలో మందుతోపాటు ఒక కాగితము కూడ ఉండును. దానిపై రోగియో, రోగి బంధువో సంతకము చేయవలెను. సంతకమున్నచోట న్యాయవాది నోరు విప్పుట తప్పు కాదనుకొందును. నేటి సాయంకాలము ఆ కాగితమును గూర్చి, దాని వెనుకనున్న పరిశోధనను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మెదడునకు, నాడులకు వచ్చు వ్యాధులలో రెండు తెగలను మీ ముందుంచెదను. మొదటిది పక్షవాతము. ఇది ఎరుగని వీధి లేదు. రెండవది అరుదైన నాడీవ్యాధుల గుంపు. వానిలో కొన్నిటి పేరైనను జిల్లాలో పదిమంది విని యుండరు. మొదటిదానిలో రోగులు వేలకు వేలు కలరు, కాని వ్యవధి లేదు. రెండవదానిలో వ్యవధి కొంత కలదు, కాని రోగులే లేరు. పరిశోధకునకు ఈ రెండును రెండు విధములైన సంకటములు. రోగి సమ్మతి యను ప్రశ్న మాత్రము రెంటను ఒక్కటే.

మొదట పక్షవాతమును చూతము. మన శరీరపు బరువులో మెదడు నూటికి రెండు వంతులు మాత్రమే. కాని మనము పీల్చు ప్రాణవాయువులో సుమారు అయిదవ వంతును అది యొక్కటే వాడుకొనును. రక్తపు గడ్డ యొకటి మెదడులోని ధమనికి అడ్డుపడినచో ఆ భాగము ఆకలితో నశింపసాగును. పెద్ద ధమని మూసికొనినపుడు నిమిషమునకు 19 లక్షల నాడీకణములు చచ్చునని 2006 లో అమెరికా వైద్యుడొకరు లెక్క కట్టిరి. మరికొందరిలో గడ్డ యడ్డుపడుట కాక, రక్తనాళమే చిట్లి మెదడులోనికి రక్తము స్రవించును. పైకి రెండును ఒక్కతీరుననే కనబడును: మూతి వంకరపోవును, చేయి పడిపోవును, మాట తడబడును. చికిత్స మాత్రము ఒకదానికొకటి విరుద్ధము. గడ్డను కరగించు మందు రక్తస్రావమున విషమగును. అందుచేతనే సి.టి. స్కాన్ తీయనిదే ఏ వైద్యుడును ఆ మందు జోలికి పోడు.

గడ్డ కరగించు ఆ మందు, అనగా ఆల్టిప్లేస్, పక్షవాతమున పనిచేయునని ఎట్లు తెలిసినది? ఊహచేత తెలియలేదు, ఒకరిద్దరు కోలుకొనినారన్న కథల చేతను తెలియలేదు. అమెరికాలో 624 మంది రోగులను, వ్యాధి సోకిన 3 గంటలలోపల, చీటీలు వేసినట్లు రెండు పక్షములుగా విభజించిరి. ఒక పక్షమునకు మందు ఇచ్చిరి. రెండవ పక్షమునకు చూపునకు అట్లే యుండి మందు లేని ద్రవమును ఇచ్చిరి. ఎవరికేది యిచ్చినదియు రోగికి తెలియదు, ఇచ్చిన వైద్యునకును తెలియదు. ఫలితము 1995 డిసెంబరులో ప్రకటింపబడినది. మందు పుచ్చుకొన్న పక్షమున నూటికి 6.4 మందికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావము కలిగినది. రెండవ పక్షమున నూటికి 0.6 మందికి మాత్రమే. ఇంతవరకే వినినవారు మందును పారవేయుడనియే అందురు. కాని మూడు మాసములు గడచునప్పటికి మందు పుచ్చుకొన్నవారిలో అవిటితనము లేక, లేదా అత్యల్పముగా మిగిలి లేచి తిరుగువారు 30 శాతమైనను అధికముగా నుండిరి. మరణములు కూడ ఆ పక్షమున నూటికి 17. రెండవ పక్షమున 21. కీడును కలదు, మేలును కలదు, మేలు పెద్దది. ఈ తూకమును త్రాసు లేక తెలిసికొనుట మానవునకు సాధ్యము కాదు. పరిశోధన యనగా ఆ త్రాసే. 2008 నాటి మరియొక పరీక్షవలన 3 గంటల గడువు నాలుగున్నర గంటలకు పెరిగినది.

ఈ త్రాసు అన్నివేళల మనకు ఇష్టమైన మాట చెప్పదు. తొడలోని ధమనినుండి సన్నని గొట్టమును మెదడువరకు పంపి గడ్డను బయటికి లాగు పద్ధతిని 2013 లో మూడు పరీక్షలు తూచి, సాధారణ చికిత్సకంటె దానివలన విశేషలాభము కానరాలేదని చెప్పినవి. పరిశోధకులు నిరాశ చెందినను ఆగలేదు. పాత పరికరములు, ఆలస్యము, పెద్ద ధమని నిజముగా మూసికొనినదో లేదో ముందుగా చూడకుండుట — ఈ లోపములను గుర్తించి సవరించుకొనిరి. 2015 లో నెదర్లాండ్సునందు 500 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితము వెలువడినది. గడ్డను లాగిన పక్షమున నూటికి దాదాపు 33 మంది పరుల సాయము లేక బ్రతుకగలిగిరి. సాధారణ చికిత్స పొందిన పక్షమున 19 మంది మాత్రమే. ఆ సంవత్సరముననే మరి నాలుగు పరీక్షలు అదే సాక్ష్యము చెప్పినవి. ఓటమిని దాచిపెట్టి యుండినచో ఈ గెలుపు వచ్చెడిది కాదు.

మన దేశపు ఉదాహరణము నొకటి చెప్పెదను. పక్షవాతము వచ్చిన రోగి ఇంటికి చేరిన పిదప వ్యాయామము చేయించువారు మనకు చాలరు. కాబట్టి ఇంటివారిలో ఒకరికి ఆ విద్య నేర్పి పంపినచో బాగుండునని కొందరు తలచిరి. వినుటకు ఇంతకంటె యుక్తమైన యోచన యుండదు. 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులపై దీనిని పరీక్షించి 2017 లో ఫలితము ప్రకటించిరి. ఆరు మాసములకు మరణించినవారును, పరాధీనులై మిగిలినవారును కలిసి రెండు పక్షములందును నూటికి 47 మందియే! ఇంటివారి సేవ వ్యర్థమని దీని యర్థము కాదు. ఆ విధముగా నేర్పిన ఆ శిక్షణ, మామూలుగా జరుగు సేవకు మించి ఫలమీయలేదని మాత్రమే అర్థము. అట్లే పక్షవాతము మరల రాకుండ సందేశములు, చిత్రములు, పుస్తకము పంపు పద్ధతిని 31 కేంద్రములలో 4298 మంది రోగులపై, 12 భాషలలో పరీక్షించిరి. మందులు క్రమముగా వాడుట, అలవాట్లు మార్చుకొనుట కొంత మెరుగుపడినవి. కాని ఏడాదిలో మరల వచ్చు జబ్బులు తగ్గలేదని 2023 లో ప్రకటించిరి. ఈ పరీక్షలు చేయకయే ఆ పద్ధతులను దేశమంతట ప్రవేశపెట్టి యుండినచో ఎంత ప్రజాధనము, ఎంత ఆశ వృథా యగునో యోచింపుడు. ఫలము లేదని నిజాయితీగా చెప్పుట కూడ దేశసేవయే.

ఇక రెండవ తెగ. వెన్నెముక నాడీకణములు క్షీణించి కండరములు సడలిపోవు స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ యను జన్యువ్యాధి కలదు. సుమారు 10,000 జననములకు ఒకటి కనబడును. దాని తీవ్రరూపమున శిశువు కూర్చుండనేరదు. క్రమముగా ఊపిరి తీయుట కష్టమై, యంత్రసాయము లేనిచో రెండేండ్లు నిండకమునుపే చాలమంది మరణింతురు. ఇట్టి శిశువులను వేలకొలది ఎచ్చట తేగలము? నుసినెర్సెన్ అను మందును అనేక దేశములనుండి కూర్చిన 121 మంది శిశువులపై పరీక్షించిరి. మూడింట రెండు వంతులవారికి వెన్నులోనికి మందు ఎక్కించిరి. తక్కినవారికి వీపున చిన్న సూదిపోటు పొడిచి పట్టీ వేసిరి. తలిదండ్రులకు ఏది జరిగినదో తెలియదు. చివరి లెక్కలో మందు పొందిన శిశువులలో నూటికి 51 మంది తల నిలుపుట, దొర్లుట, కూర్చుండుట వంటి పనులలో ముందడుగు వేసిరి. పొందనివారిలో ఒక్కరును లేరు. నడుమ లెక్కలోనే మేలు తేటపడుటచే పరీక్షను ముందుగనే ముగించి, తక్కిన శిశువులకు కూడ మందు లభించునట్లు చేసిరి. 2016 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము దానిని అనుమతించినది.

తన బిడ్డకు ఉత్తి సూదిపోటే దక్కవచ్చునని తెలిసి సంతకము చేసిన తల్లిని ఒక్క క్షణము తలచికొనుడు. ఆమె సంతకము లేనిచో నేడు ఏ దేశపు బిడ్డకును ఆ మందు లేదు. అదే వ్యాధికి జన్యుచికిత్సను 15 మంది శిశువులపై పరీక్షించినపుడు రెండవ పక్షమే లేదు. పూర్వము ఈ వ్యాధితో పోయిన శిశువుల వివరములు వ్రాసి యుంచిన పుస్తకములే రెండవ పక్షము! ఆ పాత లెక్కలో 20 మాసముల వయసునకు శ్వాసయంత్రముపై శాశ్వతముగా ఆధారపడక బ్రతికినవారు నూటికి 8 మంది; చికిత్స పొందినవారిలో 15 మందికి 15 మందియు బ్రతికిరి. తమ బిడ్డలను పోగొట్టుకొని, వారి వివరములను వ్రాసికొననిచ్చిన తలిదండ్రులు ఏ మందును పొందలేదు; కాని కొలబద్దను లోకమున కిచ్చిపోయిరి.

ఇప్పుడు సంతకము మాటకు వత్తును. పక్షవాతము వచ్చిన మనిషికి మాట పడిపోయినది. భార్య ఏడ్చుచున్నది, కొడుకు పొరుగూరినుండి ఇంకను రాలేదు. వైద్యుడు పది పుటల కాగితము చదివించినచో ఆ లోపల కోట్లకొలది కణములు నశించును. చదివింపక సంతకము పెట్టించుకొన్నచో ఆ కుటుంబమును మోసగించినట్లగును. కొన్ని దేశములు దీనికొక మార్గము కల్పించినవి. అమెరికాలో 1996 నుండి, కఠిన నిబంధనలకు లోబడి, ప్రాణాపాయ సమయమున సమ్మతి లేకయే పరిశోధన జరుపవచ్చును. నెదర్లాండ్సులో ముందు చికిత్స చేసి తరువాత సమ్మతి యడుగు పద్ధతి కలదు. మన దేశమున 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చట్టరీత్యా ప్రతినిధియైన బంధువు సమ్మతి నీయవచ్చునన్నవి; అతడు చదువురానివాడైనచో నిష్పాక్షికుడైన సాక్షి యుండవలెనన్నవి; పరీక్షవలన హాని కలిగినచో ఉచితవైద్యము, నష్టపరిహారము ఈయవలెనన్నవి. అంతకుముందే 2013 లో సుప్రీంకోర్టు, సమ్మతి తీసికొను తీరును చిత్రముతో, ధ్వనితో రికార్డు చేయవలెనని ఆదేశించెను.

ఇంత కట్టుదిట్టమెందుకని యడుగువారికి మన తెలుగుదేశపు అనుభవమునే చూపెదను. 2009 లో ఖమ్మం జిల్లాలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు రాకుండ టీకా వేసి పరిశీలించు పథకమొకటి నడచినది. చాల సమ్మతిపత్రములపై తలిదండ్రులకు బదులు వసతిగృహపు వార్డెన్లు సంతకములు చేసిరి. 2010 లో పథకము నిలిచిపోయినది. 2013 లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా గర్హించినది. టీకా మంచిదే, లోకమున ననేక దేశములు వాడుచున్నవి. సంతకము చెడ్డది. చెడ్డ సంతకము మంచి మందును కూడ అనుమానాస్పదము చేయునని ఆ కథ మనకు నేర్పినది.

నా దృష్టిలో మన పట్టణములలో జరుగుచున్న పొరపాట్లు రెండు. మొదటిది: నిరూపితమైన చికిత్సకు కూడ, తమవారిపై ప్రయోగము చేయుదురేమో యని భయపడి సంతకము నిరాకరించుట, ఆ వాదులాటలో గడువు దాటిపోవుట. రెండవది: నిజముగా ప్రయోగమైనదానిని చికిత్స యనుకొని, చదువక సంతకము చేయుట. కాగితము రాగానే వేయవలసిన ప్రశ్నలు అయిదు. ఇది చికిత్సయా, పరీక్షయా? పరీక్షయైనచో రెండవ పక్షమున కేమి యిత్తురు? మేమొప్పుకొననిచో మామూలు చికిత్స ఆగునా? నడుమ విరమించుకొనవచ్చునా? హాని కలిగినచో ఎవరు బాధ్యులు? ఈ అయిదింటికి నిమిషములలో సమాధానము చెప్పవచ్చును. మొదట క్లుప్తముగా నోటిమాటతో, తరువాత తీరికగా వివరముగా — ఈ రెండంచెల సమ్మతియే గడియారమునకు, గౌరవమునకు రెంటికిని న్యాయము చేయునని నా యభిప్రాయము. 2009 నుండి ఇట్టి పరీక్షలను కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేయుట నిర్బంధము. దానిని ఎవరైనను చూడవచ్చును.

ఇంకొక మాట. రోగులు తమ దేహముల నిచ్చి సాధించిన మందు రోగులకే అందనిచో ఆ త్యాగమున కర్థమేమి? అరుదైన వ్యాధులకు 2021 లో కేంద్రప్రభుత్వము జాతీయవిధానము ప్రకటించి, 2022 లో సహాయమును 50 లక్షల రూపాయలవరకు పెంచినది. హైదరాబాదునందును కేంద్రమొకటి కలదు. కాని ఏటేట, బ్రతికినంతకాలము వాడవలసిన మందునకు 50 లక్షలు ఎన్నాళ్లు వచ్చును? పైన చెప్పిన వ్యాధికే నోట త్రాగు రిస్డిప్లామ్ అను మందు సీసా సుమారు 6 లక్షల రూపాయలుండెను. హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ దానిని తయారుచేయకుండ ఆపవలెనన్న ప్రార్థనను ఢిల్లీ హైకోర్టు త్రోసిపుచ్చగా, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడ జోక్యము చేసికొననన్నది. ఆ సంస్థ 15,900 రూపాయలకు సీసాను అమ్మకమునకు పెట్టినది. న్యాయస్థానపు ఒక్క ఉత్తరువు ఎందరి యింటి దీపమును నిలుపగలదో చూడుడు.

మనము చేయదగిన పని చిన్నది. ఈ పఠనమందిరపు గోడపై ఒక పలక పెట్టుదము: మూతి వంకర, చేయి పడిపోవుట, మాట తడబాటు — ఈ మూడింట ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను గడియారము చూడవలెను, 108 కి ఫోను చేయవలెను, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే పోవలెను. ఆ ఆసుపత్రుల పేర్లు పలకపై వ్రాయుదము. పావురపు రక్తము పూయుట, నాటుమందునకై రాత్రియంతయు ప్రయాణము చేయుట — ఈ యాచారములు ప్రేమచేతనే సాగుచున్నవని నే నెరుగుదును. కాని ఆ ప్రేమ గడువును దాటించి రోగిని చంపుచున్నది. దాని క్రింద ఆ అయిదు ప్రశ్నలను కూడ వ్రాయుదము. ఆపద వచ్చిననాడు నేర్చుకొనుటకు వ్యవధి యుండదు. నేర్చుకొనుటకు నేడే తగిన సమయము. తెలిసి చేసిన సంతకము దానము. తెలియక చేసిన సంతకము దోపిడి. మన ప్రజలు దాతలుగా నుండవలెనే గాని దోపిడికి గురికారాదు.