కవుల చేతివ్రాతలు, చిత్రకారుల గీతలు



హిందూపురము, పెనుగొండ, ధర్మవరములనుండి విచ్చేసిన మీయెదుట విద్యానిధినిగూర్చియో, వివాహవ్యయములనుగూర్చియో ప్రసంగించుట వాడుక. నేను నేడు మన యిండ్ల యటకలమీది పాతపెట్టెలనుగూర్చి విన్నవించుకొందును.

మన సీమలో కావ్యకథకు బొమ్మ వ్రాయుట క్రొత్త కాదు. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ కట్టించిన యాలయపు కప్పుమీద కిరాతార్జునీయము, పార్వతీకల్యాణము చిత్రింపబడినవి. అక్షరమెఱుగని కాపువాడును మెడయెత్తి యా కథలు చదువుకొనెను. రాతికప్పుమీదనే రంగులు పొరలు విడుచుచుండగా, కాగితము మాట చెప్పనేల?

కర్నల్ మెకంజీదొర యుదంతము మనకు గుణపాఠము. ఆయన కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను తెలుగు సోదరుల సాయమున ఊరూరి కైఫీయతులు వ్రాయించెను. కోటలకు, గుళ్లకు బొమ్మలు గీయించెను. 1803లో బొఱ్ఱయ్య మృతినొందగా లక్ష్మయ్య యా పని సాగించెను. 1821లో దొర పోయినపిదప కంపెనీవారు సంచయమునంతయు లక్షరూపాయలకు ఆయన భార్యయొద్ద కొనిరి. చిత్రములలో పెక్కు లండనుకు తరలెను. దేశభాషల వ్రాతలలో పెక్కు చెన్నపట్టణమున నిలిచెను. బొమ్మ యొకచోట, దాని కథ యొకచోట! రెంటిని నొక్కబల్లపై నుంచి చూడగోరువాడు సముద్రము దాటవలెను. శిథిలమగుచున్న కైఫీయతులకు బ్రౌనుదొర ప్రతులు వ్రాయింపకున్న ఆ మిగిలిన భాగమునందును కొంత మనకు దక్కెడిది కాదు. దొరలు మన కాగితములను కాపాడిరని పొగడుదుము సరే. మన కాగితములను మనమేల కాపాడుకొనరాదు?

ధర్మవరమున 1853లో జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో సరసవినోదినీ సభను నెలకొల్పి, సుమారు ముప్పది నాటకములు రచించి, 1912లో కీర్తిశేషులైరి. నాటకకర్త వ్రాతప్రతికి వేఱొక విలువ గలదు. నటుని గొంతునకు తగినట్లు పాట మార్చుట, ప్రేక్షకులు విసిగినచోట సంభాషణ కొట్టివేయుట, అంచున రంగసూచన చేర్చుట యందే కనబడును. అచ్చుపుస్తకమున కొట్టివేతలుండవు.

పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) పెనుగొండలో బాల్యమునందే 'పెనుగొండలక్ష్మి' రచించిరి. పిమ్మట విద్వాన్ పరీక్షకు తాము కూర్చున్నపుడు ఆ కావ్యమే వారికి పాఠ్యమయ్యెను! ఇట్టి వింత మఱెచ్చట వింటిమి? ఆ బాలకవి ఏ పదమును కొట్టి ఏ పదము వేసెనో చిత్తుప్రతి యొక్కటియే చెప్పగలదు.

పేరుపొందినవారి సంగతి యట్లుండ, పేరులేనివారి మాటయేమి? హరికథకుల నోటుపుస్తకములు, బడిపంతుళ్ల శతకములు, వారపత్రికలకు బొమ్మలు వేసిన కుఱ్ఱవాని చిత్తుగీతలు, ధర్మవరపు మగ్గములకు గడులకాగితముపై గీసిన కొంగునమూనాలు, ఇవి భాగపంపకములనాడో, సున్నము వేయుదినముననో పాతకాగితముల బేరగాని తక్కెడ కెక్కుచున్నవి. కవి సాంవత్సరికము దాటకమునుపే యాతని ఉత్తరములు పొట్లములగుట నాకు మిక్కిలి బాధాకరము.

నా మనవి స్వల్పము. దొరికిన వరుసను చెఱుపకుడు. ఏ యుత్తరము ఏ కట్టలో నున్నదో యదియే సగము చరిత్ర. చినిగినచోట జిగురు పట్టీ లంటింపకుడు. కాలక్రమమున అది కాగితమును తినివేయును. నూలుగుడ్డలో చుట్టి, తేమ, ఎండ, చెదలు తగులనిచోట నుంచుడు. బొమ్మ వెనుక సిరాతో వ్రాయక, మెత్తని పెన్సిలుతో పేరు, సంవత్సరము గుర్తింపుడు. జీవించియున్నవారి ఇంటిగుట్టు లున్న యుత్తరములను వారి యనుమతిలేక పరుల కీయకుడు.

మన సంఘము వసతిగృహమున నొక గది, రెండినుప బీరువాలు, ఒక పట్టిక యేర్పఱచిన చాలును. అసలుప్రతి నీయనొల్లని కుటుంబమును నిర్బంధింపరాదు. ఛాయాచిత్రములు తీసికొని మరల నిచ్చివేయుదము. అవి నేడు చేతిఫోనుతోనే తీయవచ్చును. ఊరికి పోయి పెట్టె తెఱచి, అందేమున్నదో యొక కాగితముపై వ్రాసి, వచ్చు ఉగాదిలోపల కార్యదర్శిగారికి పంపవలసినదిగా ప్రార్థించుచున్నాను. వ్రాయుటకు తీరికలేనివారు కబురంపినను, మేమే వచ్చి చూతుము.