బండి మానాలా? (ప్రసంగ పాఠం)

డెబ్బై దాటాక మోటారు సైకిలెందుకని ఇంట్లో రోజూ పోరే. ఆటోలో ప్రమాదం తక్కువే, కాదనను. కానీ తెల్లవారాక చెరువుగట్టు మీద బండి నడిపే హాయి ఆటోలో ఏదీ?

అందుకే రాత్రి, వాన, హైవే మానేశాను. శుక్లాలు మొదలైన కంటికి ఎదురు లైటు పడితే గుంత కనబడదు. ఐ.ఎస్.ఐ. హెల్మెట్ ఉన్నా గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడేటప్పుడు ఊడిపోతుంది. మనలో కొందరు దాన్ని అద్దానికి తగిలించుకొస్తారు, అద్దానికే దెబ్బ తగులుతుందన్నట్టు! మన తరానికి కాలి బ్రేకే అలవాటు. నిజానికి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకు. రెండూ కలిపి వేయాలి.

2019 చట్ట సవరణ తర్వాత 55 దాటినవారికి లైసెన్సు ఐదేళ్ళకే ఇస్తున్నారు. నాది వచ్చే ఏడాది ముగుస్తుంది. కళ్ళు చూసి డాక్టరు సంతకం పెట్టనంటే తాళాలు మనవడికిచ్చేస్తాను. పెడితే మాత్రం మళ్ళీ పోరొద్దని ఇంట్లో చెప్పాను.